ఆ ఒక్క ఖాతా వదిలెయ్

దీన్ని తాళంచెవి అంటావేమిటే? పళ్లు లేవు, కాడ లేదు, గోరంత ఉంది. జీవితమంతా ఫ్యాక్టరీలో లేతు మిషను మీద ఇనుము చెక్కినవాణ్ణి, తాళంచెవి ఎలా ఉంటుందో నాకు చెబుతావా?

సరే, సరే, విన్నాను. కంప్యూటర్‌కి గుచ్చాలి, వేలితో తాకాలి, అప్పుడు తెరుచుకుంటుంది. పాస్‌వర్డు ఊరందరికీ తెలిసినా ఇది చేతిలో లేనివాడు లోపలికి రాలేడు. దొంగ సైటు పెట్టినా దీన్ని బోల్తా కొట్టించలేడు. అదే ఫోనుకొచ్చే కోడ్ అయితే, ఈ ముసలాడు నోరు జారి ఎవడికైనా చెప్పేస్తాడు. అదేగా నీ భయం?

పెదనాన్నకొకటి, నాన్నకొకటి, నీ జీతంతో కొన్నావు. కాదనను. నా మెయిల్‌కి పెట్టు. బ్యాంకువాళ్లు ఒప్పుకుంటే దానికీ పెట్టు. మా అమ్మ ఫొటోలున్న ఖాతా జోలికి మాత్రం రాకు. దానికి కోడే ఉండనీ.

ఎందుకా? మొండితనం అనుకో.

మోసపోతానా? మొన్న ఒకడు ఫోను చేశాడులే, ఆ మెయిల్ కంపెనీ నుంచట. ఆరోగ్యం ఎలా ఉంది సార్, భోంచేశారా సార్ అని మొదలెట్టి మెల్లగా కోడ్ అడిగాడు. నన్ను కోడ్ అడిగేది మీ నాన్న ఒక్కడే. వాడు నా బాగోగులు ఏనాడడిగాడు? దొంగని అక్కడే పట్టేశా.

సమ్మె రోజుల్లో నేను గేటు బయట కూర్చున్నా. మీ నాన్నది అదే ఫ్యాక్టరీలో ఆఫీసు ఉద్యోగం, లోపలికెళ్లాడు. ఇంట్లో పిల్ల ఉంది అన్నాడు. ఆ పిల్లవి నువ్వే. మరి నా పిల్లలు గాలి భోంచేశారా? ఆ మాటే మొహం మీద అన్నా. అంతే, మాటల్లేవు. అమ్మ పోయిన రోజు కూడా చెరో గోడకు ఆనుకుని నిలబడ్డాం.

ఆ ఖాతా అమ్మది, అందులో ఫోను నంబరు నాది. వాడు ఫొటోలు చూడాలంటే కోడ్ నాకొస్తుంది. అందుకని ఫోను చేస్తాడు. "కోడ్" అంటాడు. చెబుతా. పెట్టేస్తాడు. అన్నదమ్ముల ముచ్చట్లంటే అంతే. నువ్వు వాడి చేతిలో ఈ తాళంచెవి పెట్టావనుకో, ఆ ఒక్క మాటా పోతుంది.

నవ్వకు. ఒకటడుగుతా, నిజం చెప్పు. కోడ్ కొట్టేచోట కింద చిన్న గడి ఉంటుంది కదా, ఈ కంప్యూటర్‌లో మళ్లీ అడగొద్దు అని? ఏళ్ల తరబడి కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి అది కనబడలేదా?

ఏంటీ? నువ్వు టిక్కు పెడితే తీసేశాడా? పైగా కసిరాడా?

ఓహో.

సరేలే. నాకు చెప్పానని వాడితో అనకు.

అయినా వాణ్ణనడమెందుకు, నేనేమైనా తక్కువ తిన్నానా? ఐదంకెలు గబగబా చెప్పేస్తా. ఆరోది చెప్పేముందు దగ్గొస్తుంది. రాదులే, తెచ్చుకుంటా. ఉండరా, నీళ్లు తాగొస్తా అంటా. నేనొచ్చేసరికి ఆ కోడ్ గడువు దాటిపోతుంది. వాడు విసుక్కుంటాడు, ఫోను పెట్టేస్తాడు.

ఇంకేం చేస్తాడు, మళ్లీ చేస్తాడు.