ఏడు వరసల క్యూబు, ఎగిరిన ముక్క

"రంగుల క్యూబు కొనడంలోనే సగం గెలుపుందయ్యా," అన్నాడు టైలరు, టీ కొట్టు బల్ల మీద సర్దుకుని కూర్చుంటూ. "చిన్నది కాదు, వైపుకి ఏడు వరసలుండే పెద్దది. షాపువాడు తళతళలాడేదొకటి చూపించాడు. నేను తళుకు చూడలేదు, తిప్పి చూశాను. బిగుతుగా ఉంటే వేళ్ళు పడిపోతాయి, మరీ వదులైతే ముక్కలూడి వస్తాయి. లోపల అయస్కాంతాలున్నది ఏరుకున్నాను. తిప్పిన వరస టక్కున తన చోట ఆగాలి."

"కొన్నారు, సరే," అన్నాడు ఆటో డ్రైవరు.

"కొని ఊరుకుంటానా, పోటీకెళ్ళాను. ఫైనల్లో నా ఎదుట పోయినేడు కప్పు కొట్టినవాడు. హాలంతా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. వాడు గబగబా తిప్పుతాడు, ఆగి వెతుక్కుంటాడు, మళ్ళీ తిప్పుతాడు. నేను నిదానంగానే తిప్పాను, కానీ ఎక్కడా ఆగలేదు. చెయ్యి ఒక ముక్కని సర్దుతుంటే కన్ను తర్వాతిదాన్ని పట్టెయ్యాలి, కిటుకంతా అదే. ముందు మధ్య గళ్ళు ఒక్కో రంగుకి తెచ్చాను, తర్వాత అంచులు జతచేశాను, ఇక మిగిలింది మామూలు చిన్న క్యూబు పనే. అప్పుడేమైందో తెలుసా? మూల ముక్క ఊడి పైకెగిరింది."

"మంచిది ఏరుకున్నానన్నారుగా మాస్టారూ," అన్నాడు కొట్టాయన.

"నా వేగానికి ఏ క్యూబు తట్టుకుంటుందయ్యా?"

"నిదానంగా తిప్పానన్నారు?"

"అది అప్పటిదాకా. ముక్క వెళ్ళి ఫ్యాన్ రెక్కకి తగిలి కిందికొస్తోంది. నేను తలెత్తలేదు. తిప్పుతూనే క్యూబుని దాని కిందికి చాపాను, వచ్చి తన గూట్లో తనే కూర్చుంది. రాపిడికి చేతుల్లోంచి పొగ. అంతలో కరెంటు పోయింది. చీకట్లో రంగులెలా తెలిశాయంటారా, ఎరుపు వెచ్చగా ఉంటుంది, నీలం చల్లగా ఉంటుంది, వేళ్ళతో చదివేశాను. కరెంటు వచ్చేసరికి నాది పూర్తయింది, గడియారం ఇంకా మొదలే కాలేదు."

"నాన్నా."

బల్ల వెనక ఆయన కూతురు నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో మేమెవరమూ చూడలేదు.

"ఆ రోజు ఆడింది నేను," అంది. "నువ్వు హాల్లోకే రాలేదు. గుమ్మం దగ్గర నా పేరు పిలవగానే నీకు కళ్ళు తిరిగాయి. బయట మెట్ల మీద చెవులు మూసుకుని కూర్చున్నావు."

టైలరు తల దించుకున్నాడు.

"ముక్క ఎగరడం మాత్రం నిజమేనా తల్లీ?" అన్నాడు కొట్టాయన మెల్లిగా.

"నిజమే మావయ్యా. బల్ల కిందికి దొర్లిపోయింది. నేను వెతికి పెట్టేలోపు అవతలతను ముగించేశాడు. జనం లేచిపోతున్నారు. నేను లేవలేదు, పూర్తిచేసి అప్పుడు లేచాను."

టైలరు తలెత్తాడు. "పూర్తి చేశావా? ఓడిపోయానన్నావు గానీ, ఆ మాట చెప్పలేదేమ్మా."

"ఓడిపోయానంటే నువ్వు ఇంకేమీ అడగలేదు నాన్నా."

ఆయన ఆమెకి బల్ల మీద చోటిచ్చి మా వైపు తిరిగాడు.

"అందరూ లేచిపోయాక కూడా కూర్చుని పూర్తి చేసిందట," అన్నాడు. మేం చూస్తూ ఉన్నాం, ఆయన దానికి ఇంకేమీ కలపలేదు.