కళ్లంలోకొచ్చిన అలుగు

"అవ్వా, నువ్వు అలుగును నిజంగా సూసినావంట గదా, అమ్మ సెప్పింది. సెప్పు, ఫోన్లో పట్టుకుంటా."

సూడకేమి మే. పట్టుకో. కానీ అది మూతికానించొద్దు, నాకు మాట రాదు. ఆ, అట్ల కింద పెట్టు.

పోయినేడే గదా. సుగ్గిలో, సంకురాత్రి కోతలప్పుడు... కాదు కాదు, సుగ్గికి ముందే, తుపాను మోడాలు పట్టినప్పుడు. చెనిక్కాయ పీకి వామి ఏసి పెట్టుంటిమి. మీ తాతుండంగ అయితే కాయ చేత్తోనే కోసేది, వేంపల్లె నుంచి గూడ కూలోళ్లొచ్చేవాళ్లు, ఒకామె పాట పాడితే... సరేలే, ఆ ముచ్చట ఇప్పుడొద్దు. ఇప్పుడంతా మిషను. మిషనొచ్చె, కూలోళ్లొచ్చిరి, వామి తీస్తాండారు.

వామి కింద రాళ్లు పరుస్తాం, చెమ్మ తగలకుండా. అడుక్కొచ్చేసరికి మా మరిది ఓబులేసు, నీకు చిన్న తాత అయితాడులే, రాయనుకోని గడ్డపార దూర్చబోయినాడు. ఆ రాయి బుస్సుమనె. అంత మనిషి ఎగిరి వామి మింద పడినాడు. నవ్వొద్దు మే, నువ్వైతే ఊరిదాకా ఉరికిందువు.

అలుగు. ఉండ మాదిరి సుట్టుకోని ఉండాది. ఒళ్లంతా పొలుసులే. మన గోరు ఏ సరుకో అదీ అదేనంట. నోట్లో ఒక్క పన్ను లేదు, నా మాదిరే. మూరెడు నాలిక సాపి సెదలు, సీమలు నాక్కుంటాది. మన కాయ దానికెందుకు? వామికి సెదలు పట్టింటే, వాటి కోసరమొచ్చింది పాపం.

ఓబులేసు లేసి దుమ్ము దులుపుకునె, ఫోను తీసె. పొలుసులు మందుకని కొనేవాళ్లుండారని ఎవడో వాని సెవిలో ఊదిండాడు. మందూ లేదు మన్నూ లేదు. మా అత్త గూడ పిల్లోళ్ల మొలతాడుకు ఒక పొలుసు కట్టేది, దిష్టి తగలదని. మీ అమ్మకూ కట్టింది. దిష్టి సంగతి నాకు తెలీదు గానీ, తట్టు మాత్రం బాగా పోసింది.

వాడు గోనెసంచి తెచ్చేలోపల నేను వొంగి సూస్తి. ఆ సుట్ట నడిమధ్యన తెల్లగా ఏమో కదిలె. పిల్ల మే! పిల్లను కడుపులో పెట్టుకోని సుట్టుకోనుండాది తల్లి. ఒక కాన్పుకు ఒక్కటే అంట దానికి. పోయి దాని పక్కన కూలబడితి.

నీకు తెలుసు గదా, కళ్లంలోకి ఎవురొచ్చినా ఉత్త చేతుల్తో పంపేది లేదు మనకు. చాకలామె కానీ, దోవన పోయే సాదువు కానీ, దోసెడు పెట్టాల్సిందే. పెట్టకుంటే రాశి పొలి పోతాది, అంటే కాయ ఇంటికొచ్చినా నిలవదు. ఓబులేసుకు ఆ పట్టింపు నాకంటే ఎక్కువ. అందుకే అంటి:

"ఓబులేసూ, ఇది మన కళ్లానికొచ్చిన సుట్టం. దీన్ని సంచిలో ఏసేటట్టయితే నేను చాట ముట్టను, రాశి ఇంటికి రాదు."

మిషను నిలబడిపాయ. పైన మోడం నల్లగా దిగుతాండాది. సగం పంట నాది, సగం వానిది, తడిస్తే ఇద్దరిదీ బూజే. నాకు భయం లేదనుకుంటివా? ఏడాది కష్టం మే. ఒక పురుగు కోసరం ఇల్లు ముంచుతాండావని గొణిగినాడు. నేను లేయలేదు. వాడు మోడాన్ని సూసె, పిల్లను సూసె, సంచి ఆవల పారేసె.

మా కోడలు ఫారెస్టోళ్లకు ఫోన్ కొట్టె. ముట్టుకోవద్దండి, పట్టుకుంటే జైలే, కుక్కల్ని కట్టేసి అందరూ దూరం జరగండి, అదే పోతాదనిరి. చేని గెనిమ గట్టు అవతల కూర్చుంటిమి. సినుకులు పడె. అప్పుడు నెమ్మదిగా ముక్కు బయటపెట్టె. పిల్ల పాక్కుంటా తల్లి తోక మిందికెక్కె. తల్లి ముందు కాళ్లు మడిసి పెట్టుకోని, వెనక కాళ్ల మింద పెద్దామె నడిసినట్ల నడుసుకుంటా వంకలోకి పాయ.

కాయ కొంత తడిసె. తడవలేదని అబద్ధం సెప్పను. మళ్లీ ఎండబెట్టుకుంటిమి, అంతే.

తర్వాత ఓబులేసు నాతో శానా దినాలు మాట్లాడలా. నేనూ మాట్లాడలా, నాకు మాత్రం రోసం లేదా? ఈ నడుమ ఒకనాడు తెల్లారి వాకిట్లోకొచ్చి నిలబడినాడు. లోపలికి రాడు. కాఫీ తాగంటే తాగడు. తల గోక్కుంటా నిలబడి, నిలబడి, ఆకరుకు అనె:

"వదినా, వంకలో ఇసక మింద పెద్దదాని తోక గీత పడింది. పక్కనే సన్న గీత ఇంకోటుండాది."

పిల్ల దిగి నడుస్తాండాది మే. రోజూ సూసొస్తాండాడంట, దొంగ నాకొడుకు, నాకు సెప్పకుండా.

నాకు కండ్లల్లో నీళ్లొచ్చె. ఏమి, ఫోను ఆపేస్తాండావా? సరే. సల్లగుండు తల్లీ, నీ కడుపునబుట్టే వాళ్లు ఆ ఇసకలో గీతలు సూడాల, అంత ఆయుష్షు వాళ్లకూ దానికీ ఉండాల. లెయ్, సంగటి సల్లారిపోతాండాది...