ఎర్రోడికి పెట్టిన కారం

తీసెయ్ పున్నమ్మా, నా ఒళ్ళో పెట్టకు దాన్ని! పసుపు పూసిన శుభలేఖ నాకే ఇవ్వడానికి నీకు చేతులెలా వచ్చాయి? ఛీ, పైగా అత్తరు చల్లారు. అన్నం పళ్ళెం కూడా అదే కంపు కొడుతోంది.

చూడు, పైన బంగారు రంగు డ్రాగన్లు రెండు, మెడలు పెనవేసుకుని. కింద నా పేరు, చి.ల.సౌ. లక్ష్మీదుర్గ. పక్కన మీ దర్శి యువరాజు, చి. శివరామకృష్ణ. "ఒకరినొకరు ఇష్టపడి" అని అచ్చేయించాడు. ఇష్టపడి! మా పొదిలి పత్తి చేలో కూలీలతో మాట్లాడుతున్నదాన్ని, డ్రాగన్ మీద వచ్చి నడుం పట్టి లాక్కొచ్చినవాడు! నా చెప్పు ఒకటి ఇంకా ఆ చేలోనే పడి ఉంది.

ఈ బురుజులో పడేసి నలభై రోజులు. ఫోను లాక్కున్నాడు. రోజూ సాయంత్రం వస్తాడు, జుట్టుకి ఆ జిడ్డేదో రాసుకుని. "నీ కోపం కూడా భలే ఉంటుంది" అంటాడు. మొదటి రోజు ముఖాన ఊశాను. రెండో రోజు చెంబు విసిరాను. మూడో రోజు కొరికాను, నువ్వే కదా కట్టు కట్టావు? ఆ కట్టుతో ఫోటో దిగి, ప్రేమ గుర్తని అందరికీ పంపుకున్నాడట. ఏం జన్మ పున్నమ్మా! కాదన్నా వాడికి అవుననే వినిపిస్తుంది.

పోతూ పోతూ ఈ ఎర్రోడి మూతి మీద బూటుతో తన్ని పోతాడు. ఇంత డ్రాగన్, మెట్లకి అడ్డంగా పడుకుంటే దారే కనపడదు, అలాంటివాడు కళ్ళు దించుకుంటాడు. అది చూస్తే నాకు ఇంకా అసహ్యం.

ఏంటీ, మెల్లగా మాట్లాడాలా? ఎందుకు? రేపు పొద్దునే ముహూర్తం, ఇంతకంటే ఇంకేం చేస్తారట?

సరే, అడుగున ఏముందో చూశావా? నీకు చదువు రాదు కదూ, నేను చదువుతా విను. ఆహ్వానించువారు, పొదిలి మహారాజు యలమందయ్య గారు. మా నాన్న! దొంగతనంగా ఆయన పేరు వేసుకున్నారేమో అనుకున్నాను. కానీ ఇదిగో, ఈ చీటీ పిన్ను కొట్టి ఉంది. ఆయన చేతిరాతే. ఆ వంకర గీతలు నేను చిన్నప్పటినించీ చూస్తున్నవే. "అమ్మా, సర్దుకుపో." అంతే, ఇంకో ముక్క లేదు.

అలా పక్కకి చూస్తావేం? నీకేదో తెలుసు. చెప్పు. చెప్పమంటున్నానా!

ఏంటీ? రెండు పిల్ల డ్రాగన్లా? నా బదులు మా నాన్న పుచ్చుకున్నాడా?

ఓహో. వానలు వస్తున్నాయి కదూ. కళ్ళంలో ఆరబోసిన మిరపకాయ తడిస్తే తెల్లబడి తాలుకాయ కింద సగం ధరకి పోతుంది. పక్కన డ్రాగన్లని పడుకోబెడితే వాటి వెచ్చటి ఊపిరికి రెండు రోజుల్లో గలగలలాడుతూ ఆరిపోతుంది. తెలుసులే, నేనూ రైతుల రాజ్యంలోనే పుట్టాను. ఆయన కాయ ఆరితే చాలు, నేనిక్కడ ఏమైపోతేనేం! థూ. ఆ యువరాజు ముఖాన ఊసినప్పుడు కూడా నోరు ఇంత చేదుగా లేదు.

నేనేం ఏడవడం లేదు. ముందు నీ కళ్ళు తుడుచుకో.

కూర్చో. పళ్ళెం అక్కడ పెట్టు. నీకో మాట చెప్తా.

మీ కళ్ళాల దగ్గర ఎర్ర అక్షరాల బోర్డులుంటాయి, ఏం రాసుందో చదువు రాకపోయినా నీకు తెలిసే ఉంటుంది. డ్రాగన్లకి కారం పెట్టరాదు. అందుకేగా ఈ ఎర్రోడికి మజ్జిగన్నం తప్ప ఇంకోటి పెట్టరు! మజ్జిగ తాగినన్నాళ్ళూ ఊపిరి వెచ్చగా వస్తుంది, కారం పడిందా, మంటే. పుట్టిన ప్రతివాడికీ తెలిసిన సంగతి. మరి తెలిసి నాకు రోజూ ఏం పంపారు? గోంగూర పచ్చడి, పండుమిరప కారం, వెల్లుల్లి కారం, దోసావకాయ. ఖైదీకైనా కారం లేని పళ్ళెం పంపితే పరువు తక్కువ! "పొదిలి పిల్ల మనింట చప్పిడి తిన్నదని చెప్పుకుంటారు" అని మీ రాణిగారు అన్నారని నువ్వే చెప్పావు. రోజూ డ్రాగన్ పక్కనే పళ్ళెం దించి పోయేవారు. ఒక్కళ్ళకి, ఒక్కళ్ళకి తట్టలేదు!

ఆఁ, వాడికే పెట్టాను. నలభై రోజులూ. నేను మజ్జిగన్నం తిన్నాను, వాడు నా కారాలు తిన్నాడు. మొదట్లో తుమ్మాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, నా వంక చూసి మళ్ళీ నోరు తెరిచాడు.

జడుసుకోకు, ఏం చెయ్యడు. వాడి కాలికున్న ఆ గొలుసు చూడు. మూడో లంకె మిగతావాటికన్నా నల్లగా లేదూ? ఐదు రోజుల కిందట ఒక్కసారి గట్టిగా ఊదాడు. అంత ఇనుమూ మైనంలా వంగి తెగింది. నేనే మళ్ళీ దగ్గరికి లాగి, గుడ్డపీలికతో కట్టి, మసి పూశాను.

అవును, ఐదు రోజుల కిందటే పోగలిగేదాన్ని. ఎందుకు పోలేదా? నవ్వుతావేమో. మా నాన్న వస్తాడనుకున్నాను. అంత దండుతో ఆయన వచ్చేసరికి బురుజు ఖాళీగా ఉంటే నలుగురిలో చిన్నబోతాడే అనుకున్నాను. కూతుర్ని ఆయనే విడిపించుకున్నాడని ఊళ్ళో చెప్పుకోవాలని, తెగిన గొలుసు పక్కన ఐదు రోజులు కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది పున్నమ్మా.

ఇక ఈ రాత్రికే ఎర్రోడి మీదెక్కి పోతున్నాను. ఎక్కడికా? పొదిలికి మాత్రం కాదు. సింగరాయకొండ మీదుగా సముద్రం దాకా పోతాం. అక్కణ్ణించి వాడిష్టం.

నువ్వు దిగి వెళ్ళి కింద కళ్ళంలో వాళ్ళందర్నీ ఏదో ఒకటి చెప్పి ఇళ్ళకి పంపెయ్. వీడు ఊదాక అక్కడి మిరపకాయ అంటుకుంటే ఆ ఘాటుకి మనిషి నిలవలేడు. నువ్వూ ముక్కుకి తడిగుడ్డ కట్టుకో. ఎవరైనా అడిగితే, కారమంతా ఆవిడే తినేదని చెప్పు. శుభలేఖ ఇక్కడే ఉంచు, ముందు దాన్ని అంటిస్తాడు.

ఆగు, పళ్ళెం తీసుకుపోతావేం? వాడికి ఇవాళ అక్కర్లేదు, కడుపు నిండా ఉంది. ఆ గోంగూర ఇలా తే. నాలిక్కి కారం తగిలి నలభై రోజులైంది. నెయ్యి వద్దు, ఉత్తదే కలుపు.