ఎర్సీలియా జడ

ఇలారియో, ఆ సున్నం తట్ట కాసేపు కింద పెట్టరా. పూద్దువుగానిలే, ఇలా కూర్చో. చర్చిగోడ గూట్లో బొమ్మ ఊగుతోంది, ఎవరి నెత్తిన పడుతుందోనని ఫాదరుగారికి భయం. వెనకసందు పూడ్చెయ్యమన్నారు, అంతేగా? నా భయం వేరు. ఆ బొమ్మలో పిల్ల పేరు ఎర్సీలియా, పెళ్లీడుకొచ్చి జ్వరంతో పోయింది. వాళ్లమ్మ జెలిందా, రొట్టెలబట్టీ ఆవిడ, మా ఒరెస్తె మేస్త్రి చేత బొమ్మ చెక్కించింది. మన కర్రారా చలవరాయే, పాలలా ఉండేది. ఆ మొహానికి మెరుగు పెట్టింది నేనేరా. అప్పట్లో సరదా ఏమిటీ, పాత రోమువాళ్ల బొమ్మల్లా ఉండాలి. తిన్నని ముక్కు, పాపలు లేని కళ్లు. చూడ్డానికొచ్చిన వాళ్లంతా దేవతలా ఉందన్నారు. జెలిందా మాత్రం ఇటు జరిగి, అటు జరిగి, వంగి, ఎక్కడ నిలబడితే పిల్ల తనకేసి చూస్తుందా అని వెతుక్కుంది. చివరికి మర్యాదగా అడిగింది, "ఎవరండీ ఈ అమ్మాయి?" అని.

ఏం చెప్తున్నానూ... ఆఁ, జెలిందా బొమ్మ వెనక్కెళ్లింది. వెనకేముందీ? గూట్లో పెట్టే బొమ్మకి వీపువైపు ఎవరు చెక్కుతారు, గోడ చూస్తుందా? ఉలిగాట్లతో మొద్దులా వదిలేశాం. అక్కడ చెయ్యి పెట్టి, "రోజూ జడేస్తూ నేను చూసింది ఇటుపక్కే. జడ చెక్కండి," అంది. మెడ దగ్గర రాయి తరిగితే తలకాయ ఊడొస్తుంది తల్లీ అని మేస్త్రి బతిమాలాడు. వింటేగా! పక్కనే కూర్చుని, కింద ముడి వదులుగా ఉండేది, ఎన్నిసార్లు చెప్పినా బిగించుకునేది కాదు అంటూ చెక్కించుకుంది. సుత్తి పడ్డప్పుడల్లా నా ప్రాణం పోయొచ్చేది.

తల నిలిచింది. బొమ్మ గూట్లోకెక్కింది. గుళ్లోకొచ్చినవాళ్లు మొహం చూసి మురిసిపోయేవాళ్లు. ఆవిడ మాత్రం బొమ్మని కాస్త ముందుకి లాగి, సందులో మోచేతిదాకా చెయ్యి దూర్చి, కళ్లు మూసుకునేది. బతికినన్నాళ్లూ అంతే. అందుకేరా అది ఊగుతోంది. ఫాదరుగారి మాటా తప్పు కాదు. రేపు ఏ పసిపిల్ల మీదో పడితే? అదీ భయమే నాకు. నా చెయ్యి ఇప్పుడు అంత పైకి లేవదు. నువ్వొక్కసారి పెట్టు. లోపలికి. ఇంకా కిందికి. తగిలిందా, వదులుముడి? అరిగిపోయిందా? ఏరా, నువ్వూ కళ్లు మూసుకున్నావేం... సరే, సరేలే. ఇక చెయ్యి తీసెయ్యి. సున్నం గట్టిపడుతోంది.