సమాధికి తాళం

మోతె దగ్గరి ఆ పల్లెలో, చనిపోయిన పెద్ద ఫాదరు సమాధి చుట్టూ కొత్తగా ఇనుప జాలీ కట్టి తాళం వేశారు. మనవరాలిని చంకనేసుకొచ్చిన ముసలమ్మకు ఆ తాళం చూడగానే ఒళ్లు మండింది. తాళంచెవి కొత్త ఫాదరు జేబులో ఉంది.

“తాళం తియ్యి ఫాదరూ. పిల్ల పుట్టెంట్రుకలు ఆయన సమాధి కాడనే తీయిస్తనని మొక్కుకున్న.”

“కుదరదమ్మా. ఆయన్ని పునీతుడిగా ప్రకటించమని రోముకి ఫైలు పంపాం. ప్రకటించేదాకా ఇక్కడ మొక్కులు చెల్లించకూడదు. తెలిస్తే ఫైలు ఆపేస్తారు.”

“నా పెనిమిటికి కుష్టు వస్తే ఊరంతా దూరం జరిగింది. ఆయనే వచ్చి పుండ్లు కడిగిండు. అప్పుడు ఏ రోమునడిగిండు?”

“ఆ మంచితనమే రాశామమ్మా. పెద్దల మాట ఏనాడూ దాటలేదని కూడా రాశాం.”

“ఎవలు చెప్పిండ్రు మీకు? మా ఇంటికి పోవద్దని పైనోళ్లు గట్టిగ చెప్పిండ్రు. ఆయన ఇనలే. మా ఇంట్ల కూసోని గంజి తాగిండు.”

ఫాదరు గొంతు తగ్గించాడు.

“రోము తరఫున విచారణకొచ్చేవాళ్ల ముందు ఆ మాట అనొద్దమ్మా. ఫైలు ఆగిపోద్ది.”

ముసలమ్మ జాలీకి వీపు ఆనించి, పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

“అదే చెప్త. ఫైలు ఆగితే మా ఫాదరు మాకు దక్కుతడు.”