మూడు పొడుగిళ్ళను ఒక్క మాట మీదికి తెచ్చిన ఎంచనా

పెద్దలారా, అమ్మలారా, ఏటి పొడవునా పడవలెక్కి వచ్చిన బంధువులారా,

మిరియాల కోత ఆపుకుని వచ్చారు. ఎంచనా తోటలోనే కుప్పకూలింది, పడవ వచ్చేలోపే పోయింది. ఈ రాజాంగ్ ఏటి మీద నర్సుగా జుట్టు నెరిసినవాణ్ణి. పొగడ్తలు నాకు చేతకావు. చూసింది చెబుతాను.

ఆమె భర్త బన్యాంగ్ ఇక్కడే ఉన్నాడు. ఆయన చెప్పమన్నాడు కాబట్టే చెబుతున్నాను. ఆయన చెవిలో ఎవరో మాట్లాడేవారు. మనకెవరికీ వినపడని ఆ గొంతులు తనకూ వినపడకూడదని తాగేవాడు. పట్నం ఆసుపత్రిలో నయమై వచ్చాడు, తాగుడు మానాడు. కోతల పండక్కి దిగువింటికి వెళితే గ్లాసు మీద గ్లాసు పోశారు. తప్పెవరిది? వచ్చినవాడికి బియ్యపు కల్లు పోయడం మన మర్యాద. ఆ సాయంత్రం కత్తితో తిరిగొచ్చి సొంత తమ్ముడి భుజం నరికాడు.

అప్పుడు ఎంచనా ఏం చేసింది? తగువుకు వెళ్ళిందా? లేదు. ఊరంతా ఒకే కప్పు కింద కాపురముండే మన పొడుగిళ్ళు మూడింటి పెద్దల్నీ ఒక వసారాలో కూర్చోబెట్టింది. "మా ఇంట్లో పొయ్యకపోతే పక్కింట్లో పోస్తారు. మూడిళ్ళూ ఒక్క మాట మీదుంటేనే ఈ మనిషి బతుకుతాడు" అంది.

దిగువింటి పెద్ద న్యలావ్ ఒప్పుకోలేదు. "మా గడప తొక్కినవాణ్ణి వట్టి చేతుల్తో పంపితే మా పరువేం కాను?"

"మీ ఇంటి నుంచి వట్టి చేతుల్తో రాలేదు మామా. కత్తితో వచ్చాడు."

ఎవరో వెనకనుంచి, "ఊరందరికీ కల్లు పులియబెట్టేది నువ్వే, మళ్ళీ నీతులా?" అన్నారు.

"పులియబెడతాను. అదేం చేస్తుందో నాకు తెలుసు గనకే అడుగుతున్నా. మీరు పొయ్యండి, ఆయన వేలితో తాకి వదిలేస్తాడు. పెట్టినదాన్ని కాదంటే కీడు గానీ, వేలితో తాకితే దోషం లేదని మన తాతలు చెప్పిందేగా? రెండోసారి బలవంతం చెయ్యకండి, అంతే."

ఒప్పుకున్నారు. మిగతావన్నీ దాని వెంటే వచ్చాయి. పట్నం నుంచి ఏ ఇంటి పడవ వచ్చినా మూడిళ్ళ మందులూ తెచ్చేది. ఎవరికైనా నిద్ర పట్టడం లేదంటే పక్కింటివాళ్ళొచ్చి దగ్గర కూర్చునేవారు.

తర్వాత న్యలావ్ కూతురు పురిటి మంచం మీద అన్నం మానేసింది, బిడ్డ ముఖం చూడనంది. దెయ్యం పట్టిందన్నారు. ఎంచనా చాప పట్టుకుని వెళ్ళి ఆ పిల్ల పక్కనే ఉండిపోయింది. "వీడంటే నాకేమీ అనిపించట్లేదు" అని ఆ పిల్ల అంటే తిట్టలేదు. "సరే, ఆ మాటే నర్సుకు చెబుదాం పద" అంది. వాళ్ళను ఎక్కించుకుని నా దగ్గరికి పడవ నడుపుకుంటూ వచ్చింది న్యలావే. ఆ తల్లీబిడ్డలు ఆ స్తంభం పక్కన కూర్చున్నారు, చూడండి.

ఆమె అన్నీ సాధించిందని చెప్పను. ఈ మూడూ కాక ఏటికి పైన ఉన్న నాలుగో ఇల్లు, ఎగువింటివాళ్ళు, కలవలేదు. "మా పిచ్చివాళ్ళను మేం చూసుకుంటాం" అన్నారు. కిందటేడు అక్కడ ఎంపలింగ్ అనే కుర్రవాడు ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాతా ఎంచనా వెళ్ళింది, మళ్ళీ మళ్ళీ వెళ్ళింది. అన్నం పెట్టారు, మాట మాత్రం ఇవ్వలేదు.

ఇవాళ ఎగువింటి పడవ మన రేవులో ఆగింది. ఎంపలింగ్ తండ్రి దిగి నన్ను పక్కకు పిలిచాడు. "ఆవిడ అడిగినదానికి సరే అందామని వచ్చాం. ఇప్పుడెవరితో అనాలి?" అన్నాడు.

 పెద్దలారా, సభ అయ్యాక పడవలెక్కకండి. ఆయనతో కూర్చోండి.

ముందు అందరం లేద్దాం. లేవలేనివాళ్ళు కూర్చునే ఉండండి. ఎంచనా కోసం కాసేపు ఎవరం మాట్లాడొద్దు.