నాయన చెప్పే క్లైమాక్సు

నాయన పోయినాక వచ్చిన మొదటి దసరా. మధ్యాహ్నం అక్కాతమ్ముళ్లిద్దరూ టీవీలో పాత సినిమా చూస్తున్నారు. ఆఖరి ఫైటింగు మొదలవుతుండగా అక్క రిమోటు తీసుకుని ఆపేసింది.

“ఏమక్కా, అసలైన సీను వచ్చేటప్పుడు ఆపేసినావు?”

“ప్రతి దసరాకీ ఆఖరి ఫైటింగు టయానికే గదా సినిమా హాల్లోనుంచి లేస్తాంటిమి.”

“అప్పుడు ఉరవకొండలో ఆఖరి బస్సు పోతాదని లేస్తాంటిమి. ఇప్పుడు ఇంట్లోనే ఉండాము.”

“మిగిలిన కత నాయన బస్సులో చెప్తాండె. కండక్టరు గూడా టికెట్లు కొట్టేది ఆపి వింటాండె.”

“నాయన గూడా మనతోపాటు లేచి వచ్చినోడే గదక్కా. చూడకుండానే చెప్తాండె.”

“తెలుసులే. దొంగల సినిమా అయినా, దెయ్యం సినిమా అయినా, ఆయప్ప చెప్తే ఆఖర్న వాన పడాల్సిందే.”

“హీరోకి పెండ్లి అయినా కాకపోయినా చెరువు మాత్రం నిండుతాండె.”

“నవ్వొద్దురా.”

“నవ్వలేదు. అనంతపురంలో చదివేటప్పుడు ఇదే సినిమాకి మళ్లా పోయినా. ఆఖరిదాకా కూర్చున్యా.”

అక్క రిమోటు ఒళ్లో పెట్టుకుంది.

“అయితే చెప్పు. వాన పడిందా?”

ఆ సినిమా మండుటెండలో, బీడు నేల మీద, హీరో శవం దగ్గర ముగుస్తుంది. తమ్ముడు కిటికీలోంచి బయటికి చూశాడు. వానల్లేక చెనిక్కాయ చేను ఊడలు దిగి కాయ పట్టకముందే ఎండిపోయి ఉంది.

“పడిందక్కా. ఇట్లా అట్లా గాదు, చెరువు నిండి మరవ పారింది.”